కుందేలు తోలులో నీళ్ళు

నేను మొట్టమొదట చేతిలోకి తీసుకున్న కుందేలు తోలు అప్పటికే మూడు నెలలుగా ఫ్రీజర్‌లో ఉంది. అమెరికాలో చదువుకుంటున్న రోజులవి. మాంసం కోసం కుందేళ్ళు పెంచే ఒక రైతు దగ్గర తెల్లటి తోలు ఒకటి అడిగి తెచ్చుకుని, పాలిథీన్ సంచిలో చుట్టి, ఫ్రీజర్ అడుగున పెట్టి, పరీక్షల హడావిడిలో మరిచిపోయాను. సెలవుల్లో ఒకరోజు పొద్దున్నే దాన్ని తీసి వంటగది సింకులో వదిలేశాను. మధ్యాహ్నం వచ్చి చూస్తే చెవుల అంచులు అప్పడంలా పెళుసుబారి ఉన్నాయి, వంచబోతే విరిగాయి. పొట్ట దగ్గర నిమిరితే బొచ్చు కుచ్చులు కుచ్చులుగా చేతికొచ్చింది. వీపు మీది బొచ్చు మాత్రం ఎంత లాగినా కదల్లేదు.

ఒకే జంతువు, ఒకే సంచి, ఒకే చలి. మూడు చోట్ల మూడు రకాలుగా ఎందుకైంది? ఆ రోజు నాకు అర్థం కాలేదు. మరికొన్ని తోళ్ళు చేతికి తగిలాక తెలిసింది: చెవుల్లో నీళ్ళు పోకూడని వేళ పోయాయి, పొట్ట దగ్గర నీళ్ళు ఉండకూడనంతసేపు ఉండిపోయాయి. టాక్సిడెర్మీ నేర్చుకునేవాళ్ళకు కత్తి పట్టడం కంటే ముందు తెలియాల్సింది ఈ నీళ్ళ రాకపోకలే. గడ్డకట్టించడం, కరిగించడం, ఉప్పు పట్టించడం, ఊరబెట్టడం, ఆరబెట్టడం అన్న పేర్లతో మనం చేసేదంతా నీళ్ళను ఒకచోట ఆపడం, బయటికి పంపడం, మళ్ళీ లోపలికి పిలవడం.

గ్రీకులో టాక్సిస్ అంటే అమరిక, డెర్మా అంటే చర్మం. చచ్చిన జంతువు పొట్టలో గడ్డి కూరడమే టాక్సిడెర్మీ అని మనలో చాలామంది అనుకుంటారు. ఒకప్పుడు చాలావరకు అలాగే చేసేవాళ్ళు. దాన్ని మార్చినవాళ్ళలో ముఖ్యుడు కార్ల్ ఏక్లీ అనే అమెరికన్. జంతువు కండరాలను శిల్పిలా మలిచి, ఆ బొమ్మ మీద తోలు తొడిగాడు. న్యూయార్క్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీలో ఆఫ్రికా జంతువుల హాలు ఆయన పేరు మీదే ఉంది. 1926లో ఆయన చనిపోయాక, 1936లో దాన్ని తెరిచారు. ఇవాళ గాజు పెట్టెలో కూర్చున్న కుందేలును చూస్తే, అందులో కుందేలుదంటూ ఉండేది తోలు, బొచ్చు, గోళ్ళు, మీసాలు. లోపలిది ఫోమ్ బొమ్మ, కళ్ళు గాజువి. కాబట్టి తోలు చెడిందంటే ఇక చేయడానికేమీ మిగలదు.

బొచ్చు దేన్ని పట్టుకుని ఉంటుంది?

చర్మాన్ని అడ్డంగా కోసి మైక్రోస్కోపు కింద చూస్తే పైన పల్చటి బాహ్యచర్మం, దాని కింద మందపాటి అంతశ్చర్మం కనిపిస్తాయి. చివరికి తోలుగా నిలిచేది ఈ కింది పొరే. దాని బలం కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగులది. ఆ పోగు రూపం తేలింది మద్రాసులో. 1952లో బ్రిటన్ శాస్త్రవేత్త జె.డి. బెర్నాల్ మద్రాసు వచ్చినప్పుడు, కొల్లాజెన్ నిర్మాణం ఇంకా ఎవరికీ అంతుపట్టలేదని అన్న మాట అక్కడి భౌతికశాస్త్రవేత్త జి.ఎన్. రామచంద్రన్ మనసులో పడింది. ఆ ఊళ్ళోనే ఉన్న కేంద్ర తోళ్ళ పరిశోధన సంస్థ నుంచి కంగారూ తోక స్నాయువు తెప్పించుకుని, గోపీనాథ్ కర్తాతో కలిసి ఎక్స్ కిరణాలతో పరిశీలించి, 1954లో ఆయన తేల్చింది ఇదీ: మూడు గొలుసులు ఒకదాన్నొకటి పెనవేసుకున్న ముప్పేట తాడు. ఎద్దు పగ్గం పేనినట్టే ఉంటుంది. తోలు పని గురించి చదివినప్పుడల్లా ఆ ముప్పేట తాడు మన దక్షిణాదిలో దొరికిందన్న సంగతి నాకు గర్వంగా ఉంటుంది.

ఆ తాడును బ్యాక్టీరియా అంత తేలిగ్గా తెంపలేవు. బొచ్చు సంగతి వేరు. వెంట్రుక కుదురు అంతశ్చర్మం లోతుల్లో ఉన్నా, దాన్ని పట్టి ఉంచేది కొల్లాజెన్ కాదు. బాహ్యచర్మమే గొట్టంలా లోపలికి దిగి, వెంట్రుక చుట్టూ ఒరలా అమరి ఉంటుంది. ఆ ఒర గోడలు మెత్తటి జీవకణాలవి. జంతువు చచ్చాక ఆ కణాల్లోని ఎంజైములు వాటినే కరిగించడం మొదలుపెడతాయి, మిగతా పని బ్యాక్టీరియా పూర్తిచేస్తాయి. ఒర వదులైతే వెంట్రుక జారిపోతుంది. తోలుకు చిల్లి కూడా పడదు గాని, బట్టతల వచ్చినట్టు బోసిగా మిగులుతుంది.

మన ఊళ్ళలో తోలు పని చేసిన మాదిగ పెద్దలకు ఇదంతా ఏ పుస్తకమూ చెప్పకుండానే తెలుసు. పచ్చితోలును ముందు సున్నపు నీళ్ళలో నానేసి, బొచ్చు వదులయ్యాక గీకేసి, ఆ తర్వాత లంద అనే తొట్టిలో తంగేడు చెక్క నీళ్ళలో ఊరబెట్టేవారు. చెప్పులకూ, డప్పుకూ, మోట తొండానికీ బొచ్చు అక్కర్లేదు కదా. అక్కడ మొదటి పని బొచ్చు ఊడగొట్టడం. ఇక్కడ మొదటి పని, చివరి పని కూడా, బొచ్చు ఊడకుండా చూసుకోవడం. తోలును పదును చేసే శాస్త్రం రెండింటికీ ఒకటే అయినా, టాక్సిడెర్మీలో ఆ ఒక్క తేడా వల్ల ప్రతి గంటకూ లెక్క ఉంటుంది.

చలి ఏం చేస్తుంది, ఏం చేయదు

బతికున్న కుందేలు ఒంటి వేడి సుమారు 39 డిగ్రీలు. చచ్చిన వెంటనే అది చల్లారిపోదు. బొచ్చు కంబళిలా కప్పి ఉంటుంది కాబట్టి, వెచ్చటి కళేబరాన్ని తీసుకెళ్ళి ఫ్రీజర్‌లో పడేసినా పేగుల దగ్గర చాలాసేపు వెచ్చగానే ఉంటుంది. బ్యాక్టీరియా ఎక్కువగా ఉండేదీ అక్కడే. వాటి నుంచి పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు రక్తంలోని హీమోగ్లోబిన్‌తో కలిసి పొట్ట కింద ఆకుపచ్చటి మరక వేస్తుంది. ఆ పచ్చదనం కనిపించిందంటే అక్కడి బొచ్చు దాదాపు పోయినట్టే. అందుకే కళేబరాన్ని ముందు ఫ్రిజ్‌లో పరిచి చల్లబరిచి, ఆ తర్వాతే గడ్డకట్టించాలి. ఒలిచిన తోలైనా అంతే. నేను తెచ్చుకున్న తోలు ఎండాకాలంలో కారు వెనక సీట్లో రెండు గంటలు ప్రయాణం చేసింది. పొట్ట బొచ్చుకు ముప్పు ఆ సీట్లోనే మొదలైంది, ఫ్రీజర్ దాన్ని అక్కడికి ఆపి మూడు నెలలు దాచిపెట్టింది.

ఇంటి ఫ్రీజర్ మామూలుగా సున్నాకు 18 డిగ్రీలు కింద ఉంటుంది. ఆ చలిలో బ్యాక్టీరియా పెరగవు. కానీ అన్నీ చావవు కూడా, చాలావరకు నిద్రపోతాయంతే. కొవ్వు మాత్రం నిద్రపోదు. గాలిలోని ఆక్సిజన్ తగిలి నెమ్మదిగా కనరెక్కుతూనే ఉంటుంది. కొవ్వు ఎక్కువున్న బాతు తోలు ఏడాది ఫ్రీజర్‌లో ఉంటే పసుపుపచ్చగా మారి, పాత నూనె వాసన వేస్తుంది.

ఇక నీళ్ళు. గడ్డకట్టినప్పుడు నీళ్ళు సుమారు 9 శాతం ఉబ్బుతాయని మనకు తెలుసు, గాజు సీసా ఫ్రీజర్‌లో పగిలితే కారణం అదే. చర్మంలో జరిగేది ఇంకొంచెం చిక్కుగా ఉంటుంది. చలి నెమ్మదిగా ఎక్కితే ముందు కణాల బయటి నీళ్ళు స్ఫటికాలవుతాయి. నీళ్ళు మంచుగా విడిపోయేకొద్దీ మిగిలిన ద్రవంలో ఉప్పు సాంద్రత పెరుగుతుంది. ఆ చిక్కటి ద్రవం కణాల్లోంచి నీళ్ళను బయటికి లాగుతుంది. బయట స్ఫటికాలు పెద్దవవుతూ, లోపల కణాలు ముడుచుకుపోతూ, వాటి పొరలు చిరుగుతాయి. చలి వేగంగా ఎక్కితే స్ఫటికాలు చిన్నవిగా, లెక్కకు ఎక్కువగా ఏర్పడతాయి, నష్టం తక్కువ. కాబట్టి తోలును ముద్దలా కాకుండా పల్చగా మడిచి పెట్టడం మంచిది. ఒకసారి కరిగించి మళ్ళీ గడ్డకట్టిస్తే రెండో దెబ్బ తగులుతుంది, ఆ మధ్యలో మేలుకున్న బ్యాక్టీరియా తమ పని తాము చేసుకుపోతాయి.

అప్పడంలా విరిగిన చెవుల సంగతికి వస్తాను. హారతి పళ్ళెంలో కర్పూరం బిళ్ళ వెలిగించకుండా ఉంచినా నాలుగు రోజులకు చిక్కిపోతుంది. ద్రవంగా మారకుండానే గాలిలో కలిసిపోతుంది. మంచు కూడా అంతే. ఫ్రీజర్‌లోని పొడిగాలి తగిలితే చర్మంలోని మంచు కరగకుండానే ఆవిరైపోతుంది. చెవి పల్చన, రెండువైపులా గాలి తగులుతుంది, కనుక ముందు ఎండేది అదే. ఆ తర్వాత ముక్కు కొస, పెదవుల అంచులు, కాలివేళ్ళు, తోక. దానంతటదే మంచు కరిగించుకునే ఫ్రిజ్‌లలో ఇది ఇంకా ఎక్కువ, ఎందుకంటే అవి రోజూ కాసేపు కొద్దిగా వేడెక్కి మళ్ళీ చల్లబడుతుంటాయి. అలా ఎండిన భాగాన్ని మళ్ళీ నానబెట్టినా పాత మెత్తదనం పూర్తిగా రాదు.

మార్గం తేలికే. చెవులకూ ముక్కుకూ పాదాలకూ తడిపి పిండిన దూది చుట్టాలి. తోలును కండవైపు కండవైపుకు ఆనేలా, బొచ్చు బయటికి ఉండేలా మడవాలి. సంచిలోని గాలంతా నొక్కి తీసేయాలి. ఒకదాని మీద ఇంకో సంచి వేయాలి. పైన చీటీ అంటించి తేదీ రాయాలి. కళేబరం దగ్గరుంటే దాని కొలతలు కూడా ఆ చీటీ మీదే రాయాలి: ముక్కు కొస నుంచి కంటి మూల దాకా, మెడ చుట్టుకొలత, ఛాతీ చుట్టుకొలత, ముక్కు నుంచి తోక మొదలు దాకా పొడవు. తోలు సాగుతుంది, ముడుచుకుంటుంది. జంతువు అసలు ఎంతుండేదో అది చెప్పదు, ఈ చీటీయే చెప్పాలి.

కొత్తవాళ్ళు మంచి ఉద్దేశంతోనే చేసే ఒక పొరపాటు ఉంది: తోలుకు ఉప్పు పట్టించి ఫ్రీజర్‌లో పెట్టడం. రెండు రక్షణలు కలిస్తే రెట్టింపు మేలు అనిపిస్తుంది. కానీ ఉప్పు బాగా కలిసిన నీళ్ళు సున్నాకు 21 డిగ్రీలు కిందికి పోతే తప్ప పూర్తిగా గడ్డకట్టవు. ఇంటి ఫ్రీజర్ 18 దగ్గరే ఆగుతుంది. అంటే ఆ తోలు గడ్డకట్టదు, ఎండదు, తడితడిగా నెలల తరబడి ఉండిపోతుంది. చలి కావాలంటే చలి, ఉప్పు కావాలంటే ఉప్పు.

ఫ్రీజర్లు లేని కాలంలో ఈ పనంతా పరుగు మీద నడిచేది. 1826లో ఎడిన్‌బరోలో వైద్యం చదువుతున్న చార్లెస్ డార్విన్‌కు పక్షుల తోలు ఒలిచి నిలబెట్టడం నేర్పింది జాన్ ఎడ్మన్‌స్టన్ అనే నల్లజాతి మనిషి. దక్షిణ అమెరికాలోని డెమరారాలో బానిసగా ఉండి, స్వేచ్ఛ పొంది స్కాట్లాండ్ వచ్చినవాడు. ఈ విద్యను డెమరారా అడవుల్లో తిరిగిన ప్రకృతి పరిశీలకుడు చార్లెస్ వాటర్టన్ దగ్గర నేర్చుకున్నాడు. రోజుకో గంట చొప్పున రెండు నెలల పాఠానికి ఒక గినీ తీసుకున్నాడు. భూమధ్యరేఖ పక్క వేడిలో పక్షి పొద్దున పడితే మధ్యాహ్నానికి చెడుతుంది. ఆ తొందరలోనే చేయి తిరిగిన మనిషి ఎడ్మన్‌స్టన్. తర్వాత గాలాపగోస్ దీవుల నుంచి డార్విన్ పక్షి తోళ్ళు భద్రంగా ఇంగ్లండ్ చేర్చాడంటే, అందులో ఈ గురువు పాఠాల పాలు ఉంది. పరిణామ సిద్ధాంతం గురించి పేజీలకు పేజీలు రాసేవాళ్ళు కూడా ఆయన పేరు దాటేసి వెళ్తుంటే నాకు బాధగా ఉంటుంది.

అదే గాలాపగోస్‌లో 2012 జూన్ 24న లోన్‌సమ్ జార్జ్ అనే తాబేలు చనిపోయింది. పింటా దీవి తాబేళ్ళలో ఆఖరిది. ఈసారి తొందరపడాల్సిన అవసరం రాలేదు, ఫ్రీజర్ ఉంది. కళేబరాన్ని గడ్డకట్టించి భద్రపరిచి, 2013లో న్యూయార్క్ పంపారు. జార్జ్ డాంటే అనే టాక్సిడెర్మిస్టు తన బృందంతో చాలా నెలలు పనిచేసి దాన్ని నిలబెట్టాడు. బతికున్నప్పుడే ఊడిపోయిన ఒక కాలిగోరు ఈ రూపంలోనూ లేకుండా చూశాడు. 2014లో న్యూయార్క్ మ్యూజియంలో ప్రదర్శించి, 2017లో దాన్ని సొంత దీవులకు తిరిగి పంపారు. ఒక జాతి అంతరించిన రోజుకూ, దాని రూపం నిలబడిన రోజుకూ మధ్య రెండేళ్ళ గడువు ఇచ్చింది చలే.

సంచి విప్పేముందు

ఏ తోలు అన్నది తేల్చుకోకుండా ముందుకు పోకూడదు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. రక్షిత వన్యప్రాణి రోడ్డు మీద చచ్చిపడి దొరికినా అది ప్రభుత్వ ఆస్తి, తీసుకెళ్ళి ఇంట్లో పెట్టుకోవడం నేరం. టాక్సిడెర్మీని వృత్తిగా చేయాలన్నా లైసెన్సు ఉండాలి. ముంబయిలోని సంజయ్ గాంధీ జాతీయ ఉద్యానంలో అటవీ శాఖ నడిపే టాక్సిడెర్మీ కేంద్రం వంటి చోట్లే సహజంగా చనిపోయిన పులులకూ చిరుతలకూ ఈ పని చేస్తారు. అమెరికాలో ఉన్న తెలుగు పిల్లలు పెరట్లో పడిన పిట్టను ముచ్చటపడి దాచుకుంటుంటారు. అక్కడ 1918 నాటి వలస పక్షుల చట్టం ప్రకారం చాలా రకాల స్థానిక పక్షుల ఈక ఒకటి ఉంచుకున్నా తప్పే. నేర్చుకోవడానికి పెంపుడు కుందేలు, కోడి చాలు. వాటిని తినడానికి ఎలాగూ కోస్తున్నారు, తోలు చెత్తబుట్టలోకి పోతోంది. ఈ విద్య కోసం ఒక ప్రాణి చావనక్కర్లేదు, చావకూడదు.

గడ్డకడితే గోమార్లు, పేలు చస్తాయి. రోగాలు చావవు. అడవి కుందేళ్ళలో వచ్చే టులరీమియా అనే జబ్బు బ్యాక్టీరియా ఫ్రీజర్‌లోనూ బతికే ఉంటుంది, ఒలిచేటప్పుడు చేతి గాయం గుండా మనిషికి సోకుతుంది. కోళ్ళలో బర్డ్ ఫ్లూ ఉండొచ్చు. కారణం తెలియకుండా చచ్చిన జంతువును ముట్టుకోకపోవడమే మంచిది. చేతి తొడుగులు, మూతికి మాస్కు, వంటకు వాడని బల్ల, వంటకు వాడని కత్తి తప్పనిసరి. నా సింకు పని నేనిప్పుడు ఎవరినీ చేయనివ్వను.

కరిగించడం

గడ్డకట్టించడం కంటే కరిగించడం నెమ్మది. విచిత్రంగా అనిపించినా కారణం సులువు. మంచు వేడిని మోసే వేగం నీళ్ళ కంటే దాదాపు 4 రెట్లు ఎక్కువ. గడ్డకట్టేటప్పుడు బయట ఏర్పడిన మంచు పొర లోపలి వేడిని చకచకా బయటికి చేరవేస్తుంది. కరిగేటప్పుడు బయట ఏర్పడేది నీటి పొర, అది వేడిని లోపలికి పోనివ్వక అడ్డుపడుతుంది. పైగా ఒక గ్రాము మంచు కరగడానికి 80 కేలరీలు కావాలి, అదే గ్రాము నీళ్ళను ఒక డిగ్రీ వేడెక్కించడానికి ఒక్క కేలరీ చాలు. ఫలితం ఏమిటంటే, చుట్టిన తోలు నడిమి భాగం ఇంకా రాయిలా ఉండగానే బయటి అంచులు గది వేడికి చేరి గంటలు గడిచిపోతాయి. చుట్టలో అన్నిటికంటే బయట ఉండేవి పొట్ట అంచులు, కాళ్ళు. నా కుందేలు పొట్ట సింకులో పొద్దున్నుంచీ వెచ్చగానే ఉంది, వీపు మధ్యాహ్నం దాకా మంచులోనే ఉంది. కారులో మొదలైన చేటు సింకులో పూర్తయింది.

అందువల్ల సంచి విప్పకుండా ఫ్రిజ్ అరలో, 4 డిగ్రీల దగ్గర, రాత్రంతా వదిలేయాలి. కళేబరం మొత్తం ఉంటే ఒకటిన్నర రోజు దాకా పట్టొచ్చు. ఒట్టి తోలయితే చల్లటి ఉప్పునీళ్ళ బకెట్‌లో ముంచి, కాసేపటికోసారి మడతలు విప్పుతూ, విడివడిన భాగాన్ని నీళ్ళలోనే ఉంచి కరిగించవచ్చు. నీళ్ళు గాలి కంటే చాలా వేగంగా వేడిని అందిస్తాయి, చల్లగా ఉంటాయి కాబట్టి బ్యాక్టీరియాకు అలుసివ్వవు. వేడినీళ్ళ జోలికి మాత్రం పోవద్దు. పచ్చి కొల్లాజెన్ 60 డిగ్రీలు దాటితే ముప్పేట పురి విప్పుకుని ముడుచుకుపోతుంది. మాంసం ఉడికితే ముక్క చిన్నదయ్యేది ఇందుకే. ఒకసారి ముడుచుకున్న తోలు మళ్ళీ సాగదు.

కరిగినట్టు అనిపించగానే పొట్ట మీదా, చెవుల మొదట్లోనూ, కంటి చుట్టూ నాలుగు వెంట్రుకలు పట్టి మెల్లగా లాగి చూడాలి. రాకపోతే ఇక ఆలస్యం చేయకుండా కత్తి పట్టాలి.

కుందేలు తోలు తడి కాగితంలా చిరుగుతుంది. కాబట్టి కత్తి కంటే వేళ్ళే ఎక్కువ పనిచేయాలి. కండవైపు తెల్లటి పల్చటి పొర ఒకటి అంటుకుని ఉంటుంది. తోక వైపు నుంచి గోటితో లేపి పట్టి, మెడ వైపుకు నిదానంగా లాగితే కొన్నిచోట్ల దుప్పటిలా లేచి వస్తుంది. కొవ్వును రంపపు పొట్టు అద్దుతూ గీకాలి. ఇక్కడి దాకా ఎవరైనా చేస్తారు. మొహం దగ్గరే అసలు ఓపిక. చెవి అంటే రెండు చర్మాల మధ్య ఒక మృదులాస్థి రేకు. వెనక చర్మాన్ని ఆ రేకు నుంచి మొద్దు కొస ఉన్న పుల్లతో కొంచెం కొంచెంగా విడదీస్తూ, చొక్కా చేతిని తిరగేసినట్టు చెవిని కొస దాకా తిరగేయాలి. ఇది వదిలేస్తే ఉప్పు లోపలికి చేరదు, రెండు పొరల మధ్య తడి నిలిచి చెవి బొచ్చు ఊడుతుంది. పెదవులను లోపలివైపు నుంచి చీల్చి తెరవాలి, ముక్కు మృదులాస్థిని పల్చబరచాలి, కనురెప్పల లోపలి చర్మం మాత్రం కొంచెం ఉంచుకోవాలి, తర్వాత గాజు కంటి చుట్టూ మట్టిలోకి దోపడానికి అదే కావాలి. కాలివేళ్ళను చివరి కణుపు దాకా విప్పి, గోళ్ళు తోలుకే ఉండేలా కోయాలి. మొదటిసారి ఈ ఒక్క తలకే నాకు ఒక పూట పట్టింది.

ఊట

మా అమ్మమ్మ మాగాయ పెట్టేటప్పుడు మామిడి ముక్కలకు ఉప్పు పట్టించి జాడీలో వేసేది. మూడో రోజుకు ముక్కలు ఊటలో తేలుతుండేవి. జాడీలో ఎవరూ నీళ్ళు పోయలేదు, అవన్నీ ముక్కల్లోంచి వచ్చినవే. ముక్కలను పిండి ఎండలో వేసేది, ఎండాక మళ్ళీ ఆ ఊటలోనే వేసి నాననిచ్చేది. కుందేలు తోలుకు ఉప్పు పట్టించిన మొదటి రాత్రి నాకు ఆ జాడీయే గుర్తొచ్చింది.

తోలును కండవైపు పైకి వచ్చేలా పరిచి, మెత్తటి శుభ్రమైన ఉప్పును దాని బరువుకు సరిసమానంగా, మూలమూలలా రుద్దాలి. చెవి లోపల, పెదవి చీలికల్లో, వేళ్ళ సందుల్లో ఒక్క చోటు వదలకూడదు. వాలుగా ఉన్న పలక మీద ఉంచితే ఊట కిందికి జారిపోతుంది. మర్నాడు తడిసిన ఉప్పు దులిపేసి కొత్త ఉప్పు పట్టించాలి. వాడిన ఉప్పును మళ్ళీ వాడకూడదు. గళ్ళుప్పు కూడా వద్దు, రాళ్ళ మధ్య ఖాళీలు మిగులుతాయి. పైగా సముద్రపు మళ్ళలో ఉప్పును ఇష్టపడే సూక్ష్మజీవులుంటాయి. అవి పట్టిన తోళ్ళ మీద ఎర్రటి మరకలు వేస్తాయని తోళ్ళ వ్యాపారులకు బాగా తెలుసు.

ఉప్పు బ్యాక్టీరియాను విషంలా చంపదు. నీళ్ళున్నా వాటికి అందకుండా చేస్తుంది. ఉప్పు పూర్తిగా కలిసిన ద్రవంలో జీవులకు అందే నీటి పాలు, శుద్ధమైన నీటిని 1 అనుకుంటే, 0.75కు పడిపోతుంది. కుళ్ళబెట్టే బ్యాక్టీరియాలో చాలావాటికి 0.9 అయినా ఉండాలి. ఈ అంకెకు ఇంకో వైపు కూడా ఉంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పే గాలిలోంచి నీళ్ళు పీల్చుకుంటుంది. విశాఖలో, కాకినాడలో వానాకాలం ఉప్పు డబ్బా నీరుకారేది అందుకే. కోస్తాలో ఆ నెలల్లో ఉప్పుతోలు ఎన్నాళ్ళున్నా ఎండదు. ఎండలో కాకుండా, తేమ తీసిన గదిలో ఫ్యాను గాలికి ఆరబెట్టాలి, లేదంటే ఎండే దాకా ఆగకుండా రెండో రోజు తర్వాత నేరుగా ఊరబెట్టుకోవాలి.

ఊరబెట్టే నీళ్ళలో పులుపు ఉండాలి. లీటరు నీళ్ళకు 120 గ్రాముల ఉప్పు, 20 గ్రాములకు కొంచెం పైగా నిమ్మ ఉప్పు. పీహెచ్ కాగితం ముంచితే 2.5 కంటే తక్కువ చూపించాలి, అంతకంటే ఎక్కువుంటే నిమ్మ ఉప్పు మరికొంచెం కలపాలి. నిమ్మ ఉప్పు ఒక్కటే వేసి మామూలు ఉప్పు మరిచిపోతే ఏమవుతుందో తెలుసుకోవడం మంచిది. ఆమ్లం కొల్లాజెన్ పోగులకు ధనావేశం ఎక్కిస్తుంది. ఒకే ఆవేశం ఉన్న పోగులు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, ఆ సందుల్లోకి నీళ్ళు ఎగబడతాయి, తోలు జెల్లీలా ఉబ్బి పాడైపోతుంది. ఉప్పు ఉంటే బయటి ద్రవం కూడా చిక్కగా ఉండి ఆ ఎగబాటును ఆపుతుంది. ఇక్కడ నీళ్ళను లోపలికి పిలుస్తున్నాం గాని, ఎంత రావాలో ఉప్పుతో చెబుతున్నాం.

మూడు రోజులు. రోజుకు రెండుసార్లు కలియబెట్టి పీహెచ్ చూడాలి. ఆ పులుపులో బ్యాక్టీరియా బతకలేవు. కొల్లాజెన్ కాని ప్రోటీన్లు కరిగి బయటికొస్తాయి. తోలు తెల్లగా, మందంగా, ముట్టుకుంటే గట్టిగా అవుతుంది. మొహం, పాదాల దగ్గర ఇంకా మందంగా ఉన్నచోట్ల పల్చబరచడానికి ఇదే మంచి సమయం. ఆ తర్వాత లీటరుకు ఏడెనిమిది గ్రాముల వంటసోడా కలిపిన నీళ్ళలో 20 నిమిషాలు ఉంచి పులుపు తగ్గించాలి. ఎక్కువసేపు వద్దు, క్షారం వైపు జరిగితే బొచ్చు పట్టు వదులుతుంది. సున్నపు నీళ్ళు ఏం చేస్తాయో చూశాం కదా.

పదును చేయడానికి పటిక పాత మార్గం. పటికలోని అల్యూమినియం కొల్లాజెన్ పోగులను ఒకదానితో ఒకటి ముడివేస్తుంది. ఆ ముళ్ళు బాగా తడిస్తే విడిపోతాయి కాబట్టి చెప్పులకు పనికిరాదు, గాజు పెట్టెలో కూర్చునే కుందేలుకు సరిపోతుంది. ఇప్పుడు దీనికోసమే తయారుచేసిన సింథటిక్ పదార్థాలు దొరుకుతున్నాయి. అవి వాడితే తోలు ఎక్కువ సాగుతుంది. వెలిగారం పొడి రుద్ది పచ్చితోలునే నేరుగా తొడిగేసేవాళ్ళూ ఉన్నారు. పక్షులకు అది నడుస్తుంది. కుందేలుకు నేను ఒప్పుకోను. పదును చేయని తోలు ఎండేటప్పుడు ఎక్కువ ముడుచుకుంటుంది. నెల తిరగకుండా కుట్లు విచ్చుకుంటాయి, పెదవి చిగురు కనిపించేలా పైకి లేస్తుంది.

ఇప్పుడు తోలును చల్లటి నీళ్ళలో జాడించి, తువ్వాలులో చుట్టి పిండి, బొచ్చును హెయిర్ డ్రయర్ చల్లగాలితో ఆరబెట్టాలి. కండవైపు తడి మాత్రం అలాగే ఉండాలి. ఒక సంచిలో వేసి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే తడి అన్ని చోట్లకూ సమంగా సర్దుకుంటుంది. మర్నాడు ఫోమ్ బొమ్మకు తొడిగి చూడాలి, ఇంకా జిగురు రాయకుండా. చీటీ మీద రాసుకున్న అంకెలు అక్కరకొచ్చేది ఇక్కడే. కంటి మూల కంటి మూల మీదికి రావాలి, మోకాలు మోకాలు మీదికి. రాకపోతే తోలును లాగి సరిపెట్టకూడదు, బొమ్మనే గీకి చిన్నది చేయాలి.

తొడిగి, కుట్టి, చెవుల్లో అట్టముక్కలు పెట్టి గుండుసూదులు గుచ్చాక ఆఖరి నీళ్ళు వెళ్ళిపోవడం మొదలవుతుంది. రెండు మూడు వారాలు పడుతుంది. మొదటి వారం రోజూ పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి వెళ్ళి కనురెప్పలను చూస్తాను. తోలు ఎండుతూ వెనక్కి లాగుతుంటుంది, రెప్ప ఒక వెంట్రుకవాసి జరిగినా కుందేలు బెదిరినట్టు కనిపిస్తుంది. తడి ఇంకా ఉండగానే సూది కొసతో రెప్పను మళ్ళీ మట్టిలోకి నొక్కుతాను. ఏడో రోజుకో ఎనిమిదో రోజుకో రెప్ప గట్టిపడి, సూదికి కదలడం మానేస్తుంది.